పాత పెళ్లి ఫొటోలు ఏఐ ట్రైనింగ్‌కి అమ్మొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

నరసన్నపేట స్టూడియో:
అందరికీ నమస్తే. నరసన్నపేటలో ఫొటో స్టూడియో నాది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, గృహప్రవేశాలు తీస్తుంటాను. మొన్న విశాఖ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పాత హార్డ్ డిస్కులుంటే అందులో డేటా కొంటామన్నాడు, టీబీకి, అంటే వెయ్యి జీబీకి, ఇంత అని రేటు కూడా చెప్పాడు. ఆల్బమ్‌కి ఎక్కిన ఫొటోలే కాదు, పక్కన పడేసినవి, కళ్లు మూసుకున్నవి, మసగ్గా వచ్చినవి కూడా కావాలట. వీడియోలో మాటలు వినిపిస్తే దానికి ఇంకో రేటు. పేర్లు అక్కర్లేదు, ముఖాలు చాలు, ఏఐకి నేర్పడానికి అంటున్నాడు.

ఇప్పుడు మూఢం. షట్టర్ తీయడం, వేయడం తప్ప పని లేదు. కెమెరా ఈఎంఐకి మాత్రం మూఢం ఉండదు. డిస్కులు నావి, కెమెరా నాది, తీసింది నేను, అమ్మితే తప్పేంటి అనిపిస్తోంది. రేపు ఎవరైనా వచ్చి మా ఫొటోలు ఎందుకిచ్చావని నిలదీస్తే ఏం చెప్పాలని టెన్షన్ కూడా ఉంది. చట్టం ఏదో వచ్చిందంటున్నారు. కాస్త వివరంగా చెప్పండి.

కళింగ కుర్రోడు:
అమ్మేయ్ అన్నా. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో వాళ్లే పెట్టేసుకున్న ఫొటోలు. నువ్వు కొత్తగా దాచేదేటి?

చీపురుపల్లి ప్లీడరు:
స్టూడియో గారూ, తొందరపడకండి. డిస్కులు మీవే, ఫొటోలు మాత్రం మీవి కావు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ చదవండి. మామూలుగా ఫొటో ఎవరు తీస్తే కాపీరైట్ వాళ్లదే. కానీ ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో విషయంలో, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే మీకు అడ్వాన్స్ ఇచ్చి పెళ్లి బుక్ చేసిన పెళ్లికూతురి నాన్న. పెళ్లి వీడియోకీ ఇదే రూలు. కాబట్టి ప్రైవసీ చట్టం దాకా వెళ్లకముందే ఈ బేరం ఆగిపోతుంది. బుకింగ్ అప్పుడు కస్టమర్ల చేత ఏమైనా రాయించుకున్నారా?

నరసన్నపేట స్టూడియో:
రాయించుకోవడమా! రసీదు బుక్కులో పేరు, ముహూర్తం, అడ్వాన్సు ఎంత, బ్యాలెన్సు ఎంత, అంతే. కింద ‘అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు’ అని అచ్చేయించాను. ఈ సెక్షన్ సంగతి మా అసోసియేషన్ మీటింగుల్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. శాంపిల్ ఆల్బమ్ అని షోకేసులో పెట్టే ఫొటోలకు కూడా ఇది వర్తిస్తుందా?

చీపురుపల్లి ప్లీడరు:
వర్తిస్తుంది. ఎవరూ గొడవపెట్టుకోరు కాబట్టి నడిచిపోతోంది. ఒక్క మాట అడిగి పెట్టుకోండి, చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు.

బొబ్బిలి టు మాదాపూర్:
నేను ఏఐ ఫీల్డులోనే పనిచేస్తున్నాను. ఫొటోలు అటు వెళ్లాక ఏం జరుగుతుందో చెప్తాను.

ముందు ఒక ప్రోగ్రాం ప్రతి ఫొటోలోంచి ముఖాలు కత్తిరించి తీస్తుంది. పెళ్లికూతురిది ఒక్కటే కాదు, వెనక బంతిలో కూర్చుని అప్పడం కొరుకుతున్న ఆయనది కూడా. ముఖం గుర్తుపట్టే సిస్టం అయితే ఒక్కో ముఖానికి ఒక అంకెల వరస తయారు చేస్తుంది. పేరు అక్కర్లేదని ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ అంకెలే పేరు పని చేస్తాయి. రేపు అదే మనిషి ఏ సీసీ కెమెరాలోనో కనబడితే రెండు వరసలూ పోల్చుకుంటే సరిపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన ముఖాలన్నీ పోగేసి ఇదే వ్యాపారం చేసిన క్లియర్‌వ్యూ అనే అమెరికా కంపెనీకి 2024లో నెదర్లాండ్స్ 3 కోట్ల 5 లక్షల యూరోల జరిమానా వేసింది.

బొమ్మలు తయారుచేసే ఏఐ అయితే పద్ధతి వేరు. అక్కడ ఫొటో ఫొటోలా దాచరు. ఆ ఏఐ లోపల ఉండే కోట్లాది అంకెలు ఆ ఫొటోను చూసి కొంచెం కొంచెం సర్దుకుంటాయి. తర్వాత మీరు వచ్చి మా ఫొటో తీసేయండి అంటే ఫైలు తీసేస్తారు, నేర్చుకున్నది మాత్రం తీయలేరు. కచ్చితంగా తీయాలంటే ఆ ఫొటో లేకుండా మొదటి నుంచి మళ్లీ ట్రైనింగ్ ఇవ్వాలి. అంత ఖర్చు ఎవరు పెడతారు? పోనీ నేర్చుకున్నదాంట్లోంచి ఒరిజినల్ ఎప్పటికీ బయటికి రాదా అంటే, వస్తుంది. 2023లో కొందరు పరిశోధకులు చాట్‌జీపీటీని ఒకే మాట ఆపకుండా అంటూ ఉండమన్నారు. కాసేపటికి అది ట్రైనింగ్‌లో చూసిన ఈమెయిల్ అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉన్నవి ఉన్నట్టు కక్కేసింది.

కళ్లు మూసుకున్నవి, మసగ్గా ఉన్నవి ఎందుకడిగాడో కూడా చెప్తాను. నెట్‌లో అందరూ బాగా వచ్చిన ఫొటోలే పెడతారు. బాగా రానివి స్టూడియో డిస్కుల్లో తప్ప ఎక్కడా దొరకవు. మీ దగ్గర ఉన్నదానికి మార్కెట్లో గిరాకీ ఉంది, ఆయన చెప్పిన రేటు ఏదో మీ మీద దయతో చెప్పింది కాదు.

ఆమదాలవలస అక్క:
స్టూడియో గారూ, ఓణీల ఫంక్షన్లు కూడా తీస్తానని మీరే రాశారు. ఆ పిల్లల వయసెంతండీ? పన్నెండు, పదమూడు. మా అమ్మాయి ఫంక్షన్‌కి వాళ్ల మావయ్య రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టిస్తానంటే వద్దని ఏడ్చింది. క్లాసులో మగపిల్లలు చూస్తారని. ఆ పిల్ల ఫొటోలు టీబీ లెక్కన తూకం వేసి అమ్ముతారా? వాటితో ఎవడు ఏం బొమ్మలు తయారుచేస్తాడో ఎవరికి తెలుసు. స్నానం చేయించేటప్పుడు, పసుపు రాసేటప్పుడు తీసినవి కూడా మీ డిస్కుల్లోనే ఉంటాయి. ఇంట్లో మనిషి అనుకుని తీయనిస్తాం మిమ్మల్ని.

కళింగ కుర్రోడు:
అక్కా, కోప్పడకు. అన్న అడిగాడంతే, అమ్మేయలేదు. ప్లీడరు గారూ, ఆ డేటా చట్టం 2027 దాకా అమల్లోకే రాదంట కదా. అప్పటిదాకా ఎవడడుగుతాడు?

చీపురుపల్లి ప్లీడరు:
సగం నిజం చెప్పావు తమ్ముడూ. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అని 2023 ఆగస్టులో వచ్చింది. రూల్స్ 2025 నవంబరులో నోటిఫై చేశారు. డేటా ప్రొటెక్షన్ బోర్డుకు సంబంధించినవి అప్పుడే అమల్లోకి వచ్చాయి. సమ్మతి, నోటీసు, డిలీట్ లాంటి అసలు బాధ్యతలకు పద్దెనిమిది నెలలు గడువిచ్చారు, అంటే 2027 మే. అయితే కాపీరైట్ చట్టానికి ఏ గడువూ లేదు, అది ఎప్పటి నుంచో అమల్లోనే ఉంది. పైగా ఆ గడువు తీరే నాటికి మీ దగ్గర డిస్కులు ఉంటే మీరూ బాధ్యులే. పాత సమ్మతి మీద దాచుకున్న డేటా ఉంటే, ఏం దాచారో ఎందుకు దాచారో సంబంధిత మనుషులకు నోటీసు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అది తెలుగులో కావాలని కస్టమర్ అడిగితే తెలుగులోనే ఇవ్వాలి. అమ్మేసిన డిస్కు గురించి ఏం నోటీసు రాస్తారు మరి?

అక్క చెప్పింది ఇంకా పెద్ద విషయం. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లంతా ఆ చట్టం లెక్కలో పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఆ ఇచ్చింది నిజంగా తల్లిదండ్రులేనని రుజువు కూడా ఉండాలి. ఇది తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. డేటా భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల దాకా. నరసన్నపేట స్టూడియో మీద అంత వేస్తారని కాదు, తప్పు తీవ్రతను బట్టి బోర్డు నిర్ణయిస్తుంది.

పలాస జీడిపప్పు:
ఆ జరిమానా ఫొటోలో ఉన్న పిల్లకి వస్తుందా?

చీపురుపల్లి ప్లీడరు:
రాదు. ప్రభుత్వ ఖజానాకి పోతుంది. నాకు ఈ చట్టంలో అస్సలు నచ్చనిది ఇదే. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో 43ఏ అని ఒక సెక్షన్ ఉంది, కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోతే పరిహారం అడగొచ్చు. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి రాగానే అది పోతుంది. పైగా ఉత్తుత్తి ఫిర్యాదు చేశావని తేలితే ఫిర్యాదు చేసినవాడి మీదే 10,000 రూపాయల దాకా వేయొచ్చు.

పలాస జీడిపప్పు:
భలే ఉంది.

కోట జంక్షన్ మాస్టారు:
విజయనగరం నుంచి రాస్తున్నాను. మీరంతా ఒకవైపే చూస్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. ఫోన్లో మాటలతో టైప్ చేసేది ఉంది కదా, దానితో మా అమ్మ మాట్లాడితే ఒక్క వాక్యం సరిగా రాదు. ‘ఏటి’ అంటే అర్థం కాదు, ‘నానొచ్చినాను’ అంటే ఇంకేదో రాస్తుంది. అదే టీవీ యాంకర్ మాట్లాడితే కామాలతో సహా వస్తుంది. కారణం, మన మాట దానికి ఎవరూ వినిపించలేదు. పెన్షన్ కోసమో, డాక్టరుతో మాట్లాడటం కోసమో రేపు అన్నీ మాటల మీదే నడిస్తే, మన పల్లెల్లో ముసలివాళ్లు టీవీ భాష నేర్చుకుని మాట్లాడాలా? డేటా ఇవ్వకపోతే నష్టం మనకే.

కాకపోతే ఇచ్చే పద్ధతి ఉంది. కేంద్రం వాళ్ల భాషిణి అనే భాషల ఏఐ ప్రాజెక్టు కోసం, ఐఐటీ మద్రాసులో ఏఐ ఫర్ భారత్ వాళ్లు భారతీయ భాషల గొంతులు రికార్డు చేశారు. మనిషిని అడిగి, ఎందుకో చెప్పి చేసిన పని అది. మొజిల్లా వాళ్ల కామన్ వాయిస్‌లో ఎవరైనా ఇంట్లో కూర్చుని తెలుగు వాక్యాలు చదివి ఇవ్వొచ్చు. స్టూడియో బాబూ, నీ వీడియోల్లో మంగళహారతి పాటలు, వియ్యపురాళ్ల వేళాకోళాలు ఎన్ని ఉంటాయో ఊహించగలను. భాష కోసం చూస్తే బంగారం. కానీ అవతల కొనేవాడు ఎవడో తెలియాలి, పాడినవాళ్లకి తెలియాలి.

ఆమదాలవలస అక్క:
మాస్టారూ, మీరన్నది ఒప్పుకుంటాను. గొంతు ఇమ్మని నన్ను అడిగితే నేనూ ఇస్తాను. అడగకుండా తీసుకోవడం గురించే నా బాధ.

కవిటి సిస్టర్:
నేను ఉద్దానంలో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. ఈ టాపిక్ చూసి రాయకుండా ఉండలేకపోయాను. మా దగ్గర కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ ఊరికి వెళ్లినా డయాలసిస్‌కి తిరిగే ఇల్లు తగులుతుంది. ఇన్నేళ్లలో ఎన్ని టీములు వచ్చాయో! రక్తం తీశారు, మూత్రం తీశారు, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. జబ్బు అసలు కారణం ఇదీ అని ఈరోజుకీ గట్టిగా తేలలేదు. ఏఐ వచ్చి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టులన్నీ చూసి కారణం కనిపెడుతుందంటే మా జనం కాదనరు. ఒక పెద్దాయన నాతో అన్నాడు, ‘నా రక్తం వల్ల నా మనవడు బతికితే ఇంకో సీసా తీసుకోమ్మా’ అని.

కానీ ఆభా నంబరు (ఆరోగ్య రికార్డుల ఐడీ) చేయించేటప్పుడు ఓటీపీ చెప్పమంటాం, చెప్తారు. కాగితం మీద వేలిముద్ర వేయమంటాం, వేస్తారు. అందులో ఏముందో చదివి వినిపించే టైము నాకూ ఉండదు, లైను పెద్దది. ఆ రిపోర్టు ఫలానా ఇంటిదని బయటపడితే ఏమవుతుందో మాకు తెలుసు. ఆ ఇంట్లో పిల్లకి సంబంధం వెనక్కిపోతుంది. పేరు తీసేసి ఇస్తామంటారు. ఊరి పేరు, వయసు, డయాలసిస్ ఎప్పుడు మొదలైందో ఉంటే చాలు, మా ఊళ్లో ఎవరైనా చెప్పేస్తారు అది ఎవరో. ప్లీడరు గారూ, రీసెర్చి అంటే చట్టం వర్తించదని ఒక డాక్టరు గారు అన్నారు. నిజమేనా?

చీపురుపల్లి ప్లీడరు:
సిస్టర్, పరిశోధనకీ గణాంకాలకీ మినహాయింపు ఉంది, డేటా చట్టం 17వ సెక్షన్‌లో. కానీ షరతులున్నాయి. ఆ డేటాతో ఒక మనిషి గురించి ప్రత్యేకంగా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, రూల్స్‌లో చెప్పిన ప్రమాణాలు పాటించాలి. అంటే జబ్బు కారణం వెతకొచ్చు, ఫలానా వాడికి ఇన్సూరెన్సు ఇవ్వొద్దని తేల్చడానికి వాడకూడదు. ఇంకోటి, ఈ చట్టంలో మినహాయింపు దొరికినంత మాత్రాన వైద్య పరిశోధన నీతి నియమాలు రద్దయిపోవు. వైద్యంలో ఏఐ వాడకం గురించి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో విడిగా మార్గదర్శకాలిచ్చింది, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా అలాంటి పని మొదలుపెట్టకూడదు. ఈసారి టీము వస్తే ఆ అనుమతి కాగితం చూపించమనండి. మీరు అడగొచ్చు, తప్పు లేదు. కంపెనీలు లాభం కోసం చేసేదానికి కూడా రీసెర్చి అని పేరు పెట్టుకుని ఈ మినహాయింపులోంచి దూరిపోతాయేమోనని నా అనుమానం. దాన్ని తేల్చాల్సింది బోర్డు, కోర్టులు.

బొబ్బిలి టు మాదాపూర్:
సిస్టర్ గారి పాయింటు చాలా ముఖ్యం. మా ఆఫీసులో పేరు, ఫోన్ నంబరు తీసేసి అనానిమస్, అంటే ఎవరిదో తెలియనిది, అయిపోయిందనుకుంటారు. ఉద్దానంలో ఒక చిన్న ఊరు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది అది ఎందుకు సరిపోదో. యూరప్‌లో 2024 డిసెంబరులో డేటా రక్షణ సంస్థల బోర్డు ఇదే చెప్పింది, వ్యక్తిగత డేటాతో ట్రైనింగ్ ఇచ్చిన ఏఐ మోడల్‌ని దానంతట అదే అనానిమస్ అనుకోకూడదని, ఒక్కొక్కటి విడిగా చూడాలని.

కళింగ కుర్రోడు:
మరి నేను మొదట అడిగినది? ఇన్‌స్టాలో పబ్లిక్‌గా పెట్టుకున్నవాళ్ల సంగతి?

పలాస జీడిపప్పు:
దీనికి నేను చెప్తా, ఈ మధ్య బాగా చదివాను. మన చట్టంలో ఒక పెద్ద కన్నం ఉంది. మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టుకున్న డేటాకి ఈ చట్టమే వర్తించదు. నువ్వు ప్రొఫైల్ ఓపెన్‌గా ఉంచి పెళ్లి ఫొటో పెడితే, ఏ కంపెనీ అయినా తీసుకుపోవచ్చు, ఈ చట్టం కింద అడిగే దారి లేదు. కానీ ‘తనంతట తాను’ అన్న మాట చూడు. స్టూడియో అన్న తన పేజీలో నీ ఫొటో పెడితే అది నువ్వు పెట్టినట్టు కాదు.

యూరప్‌లో అలా కాదు. పబ్లిక్‌గా ఉన్నా నీ డేటా నీదే. 2018 నుంచి వాళ్లకి జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ఉంది. 2023లో ఇటలీ చాట్‌జీపీటీని కొన్ని వారాలు ఆపేసింది. 2024 జూన్‌లో మెటా వాళ్లు ఫేస్‌బుక్, ఇన్‌స్టా పోస్టులతో ఏఐకి ట్రైనింగ్ ఇస్తామంటే ఐర్లాండ్ అధికారులు అడ్డుపడ్డారు, ఆగారు. మరుసటి ఏడాది మే నెలలో మొదలుపెట్టారు, కానీ నాకొద్దు అనుకున్నవాళ్లకి అభ్యంతరం చెప్పే ఫారం ఇచ్చి మరీ. మనకి చట్టంలో అలాంటి హక్కు రాయలేదు. అక్కడ కూడా అంతా బాగుందని కాదులే, ఫారం ఎక్కడుందో వెతుక్కోవడానికే సగం మందికి ఓపిక ఉండదు.

ఇంకో మాట. 2025లో మన గ్రూపుల్లో అందరూ ఏఐ యాప్‌లో ఫొటో పెట్టి కార్టూన్ బొమ్మలు చేయించుకున్నారు, తర్వాత ఏఐతోనే ఫొటోలో చీర కట్టించుకున్నారు. నేనూ మా ఆవిడా చేశాం. స్టూడియో అన్నని తిట్టేముందు ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుందాం.

ఆమదాలవలస అక్క:
నా ముఖం నేను ఇచ్చుకోవడం వేరు, మీరు నా కూతురి ముఖం ఇవ్వడం వేరు. రెండూ కలపకండి.

నరసన్నపేట స్టూడియో:
అందరివీ చదివాను. నిన్న ఆయనకి మళ్లీ ఫోన్ చేశాను. ఏ కంపెనీ కోసం కొంటున్నారండీ అంటే ‘క్లయింట్ బయటి దేశం’ అన్నాడు. దేనికి వాడతారంటే ‘అన్నిటికీ’ అన్నాడు. కాగితం పంపమంటే వాట్సాప్‌లో ఇంగ్లీషులో రెండు పేజీలు పంపాడు. మా మేనల్లుడు చదివి చెప్పాడు. ఈ డేటాలో ఉన్న ప్రతి మనిషి దగ్గరా నేను అనుమతి తీసుకున్నానని, ఎవరైనా కేసు వేస్తే ఖర్చూ నష్టమూ మొత్తం నాదేనని అందులో ఉందట.

చీపురుపల్లి ప్లీడరు:
అనుకున్నాను. డబ్బు టీబీకి ఇంత, రిస్కు మాత్రం మొత్తం మీకే. సంతకం పెట్టకండి.

నరసన్నపేట స్టూడియో:
పెట్టను. అసలు నావి అయిన ఫొటోలు కొన్ని ఉన్నాయి కదా అని, తేలినీలాపురం కొంగలవి, అరసవల్లిలో రథసప్తమి నాటి తెల్లవారుజాము ఆకాశం, భావనపాడు బీచ్, ఇవి తీసుకుంటారా అని అడిగాను. పక్షులు అక్కర్లేదట. మనుషులే కావాలట.

ముందు ముందు బుకింగులకి ఏం రాసుకోవాలో చెప్పండి ప్లీడరు గారూ. ఇప్పుడు పెళ్లిళ్లలో క్యూఆర్ కోడ్ పెడుతున్నాం. చుట్టాలు స్కాన్ చేసి సెల్ఫీ పెడితే వాళ్లున్న ఫొటోలన్నీ వాళ్లకి వచ్చేస్తాయి. అదీ ముఖం గుర్తుపట్టేదే కదా?

చీపురుపల్లి ప్లీడరు:
అదీ అదే. ఆ యాప్ వాడు ఫొటోలు ఎన్నాళ్లు ఉంచుకుంటాడు, ఎక్కడ ఉంచుకుంటాడు, ట్రైనింగ్‌కి వాడతాడా లేదా, వాడి షరతుల్లో చూసుకుని ఆ మాట క్యూఆర్ బోర్డు మీదే తెలుగులో రాయండి.

బుకింగ్ ఫారంలో మూడు ప్రశ్నలు విడివిడిగా పెట్టండి. పని అయ్యాక ఫొటోలు నా దగ్గర ఉంచుకోవచ్చా, ఉంచితే ఎన్నాళ్లు? నా పేజీలో, షోకేసులో పెట్టుకోవచ్చా? వేరేవాళ్లకి ఇవ్వొచ్చా? ప్రతిదాని పక్కనా అవును, కాదు అని రెండు గళ్లు. ముందే టిక్కు కొట్టి ఇవ్వకూడదు. మూడోదానికి కాదన్నా మీరు పెళ్లి తీయాల్సిందే, షరతు పెట్టి తీసుకున్న సమ్మతి చెల్లదు. తర్వాత మనసు మార్చుకుంటే, ఒప్పుకున్నంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. అయినా పెళ్లికి వచ్చిన వందలమంది తరఫున పెళ్లికూతురి నాన్న సమ్మతి ఇవ్వలేడు. అందుకే ఆ మూడో ప్రశ్న అసలు పెట్టుకోకపోవడమే మీకు ప్రశాంతం.

నరసన్నపేట స్టూడియో:
ఎన్నాళ్లు ఉంచాలి అన్నదే కష్టం. పని అయిపోతే తీసేయాలని చట్టం అంటోంది. కానీ 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వజ్రపుకొత్తూరు, మందస వైపు ఎన్ని ఇళ్ల పైకప్పులు లేచిపోయాయో. ఆల్బమ్‌లు నాని ముద్దయిపోతే ఏడుస్తూ వచ్చారు. నా దగ్గర డిస్కు ఉండబట్టి మళ్లీ వేసిచ్చాను. తీసేసి ఉంటే?

ఆమదాలవలస అక్క:
అడిగి ఉంచండి. ఉంచమన్నవాళ్లవి ఉంచండి. మేమేం మీ డిస్కులు తగలబెట్టమనలేదు.

కంచిలి కొత్త సభ్యురాలు:
నమస్తే అండీ, ఇదే నా మొదటి పోస్టు. స్టూడియో గారూ, మా చెల్లి పెళ్లి, దాని ఓణీల ఫంక్షన్ రెండూ మీరే తీశారనుకుంటున్నాను, వీడియో మొదట్లో గులాబీ రేకులు రాలే టైటిల్ ఉంటుంది. ఫంక్షన్ ఫొటోలు మాకిచ్చేసి మీ దగ్గర తీసేస్తారా? పెళ్లివి ఉంచండి. పెన్ డ్రైవ్ పట్టుకుని ఈ ఆదివారం రమ్మంటే వస్తాం.

నరసన్నపేట స్టూడియో:
ఆ గులాబీ రేకుల టైటిల్ నాదేనమ్మా, అప్పట్లో అందరికీ అదే వేసేవాణ్ని. తప్పకుండా రండి, మీ ముందే తీసేస్తాను. బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో ఆయన్ని కూడా తీసుకురండి. పెన్ డ్రైవ్ చాలదు, రెండు కెమెరాల వీడియో ఉంది, హార్డ్ డిస్క్ తెచ్చుకోండి. ఆదివారం ఉదయం మాత్రం వద్దు, ఒక సీమంతం ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక షాపులోనే ఉంటాను.